తప్పు రోజున పడిన వాన

అనంతపురంలో మేముండే అద్దె ఇంటి మూడో అంతస్తులో, ముందు గది తలుపు వెనక ఒక రోకలి ఉంది. దంచడానికి రోలు లేదు, ఉన్నా కింది ఇంటివాళ్లు ఒప్పుకోరు. అందుకని అది ప్రస్తుతం గాలికి తలుపు కొట్టుకోకుండా ఆపే ఉద్యోగం చేస్తోంది. మా ఇంట్లో పర్మనెంటు ఉద్యోగం ఉన్నది దానికొక్కదానికే. నడుమ చేతులు పడీ పడీ నున్నగా అరిగి, అక్కడికి జానెడు అవతల తాడు ఒరుసుకున్న గాడి ఒకటి ఉంటుంది. మొన్న కింద వీధిలో కరెంటు తీగలకు అడ్డమొస్తోందని వేపచెట్టు కొమ్మలు కొట్టేశారు. ఆ పచ్చి చేదు వాసన మూడంతస్తుల మెట్లెక్కి వచ్చేసరికి, నేనొక నాయకుడి పుట్టినరోజు పాటలో రెండో చరణం దగ్గర ఇరుక్కుని ఉన్నాను. నా బతుకుదెరువు అదే. ఒక చిన్న రికార్డింగు గదిలో కూర్చుని, ఎవరు అడిగితే వాళ్ల మీద పాట కట్టి, పాడించి ఇస్తాను. పేర్లు మారుతుంటాయి, సింహం మారదు.

వేపాకు వాసనకూ రోకలి మీది తాడు గాడికీ సంబంధం కలిపేది ఒక కప్ప. దాని సంగతి చెప్పాలంటే ముందు మా జేజి సంగతి, అంటే మా నాయన తల్లి సంగతి చెప్పాలి.

మా ఊరికి ముదిగుబ్బలో బస్సు దిగి, ఎర్ర నేలలో, గుండ్రాళ్ల మధ్య, గొర్రెలు వేసిన దారిలో గంటసేపు నడవాలి. వాన మా ఊరికి బొత్తిగా రాదనడం అన్యాయం. వచ్చేది, మా పొలిమేర దాకా వచ్చి, ఊరు చూసి, పక్క ఊరికి పోయేది. వేసవి చివర్లో ప్రతి ఇంటి నడవలోనూ విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే పని మొదలయ్యేది. వేరుశెనగ అని పుస్తకాల్లో ఉండేదాన్ని మేము చెనిక్కాయ అంటాం. గోనెసంచి బోర్లించగానే లేచే ఎర్ర దుమ్ము, కాయ మీది బొప్పి పగిలినప్పుడు వచ్చే తీయటి మట్టి వాసన, ఒలిచి ఒలిచి వాచిన బొటనవేళ్లను నోట్లో పెట్టుకునే ఆడవాళ్లు, మధ్యాహ్నం సంగటి ముద్ద మీద అమ్మ వేసే ఊరిబిండిలోని ఎల్లిపాయ ఘాటు, గడప అవతల కుక్కలు కూడా నాలుక బయటపెట్టి పడుకునే ఎండ, వీటన్నిటి మధ్యా ఆగకుండా జేజి పాట. అది కళాపోషణ కాదు, కాపలా. విత్తనం గింజ రుచి మరిగితే మూటలో సగం కడుపులోకి పోతుంది. పాడే నోరు తినలేదు. అందుకని ఒలిచేవాళ్లందరూ, పిల్లలతో సహా, ఆమె వెనక వంత పాడి తీరాలి. నేను నాలుగు గింజలు బుగ్గన పెట్టుకుని పాడే విద్య నేర్చుకున్నాను గానీ, ఆమె చెవుల ముందు అది నిలవలేదు.

“ఏమిరా, నీ రాగం బుగ్గలో తగులుకుంటాంది? ఉమ్మెయ్.”

ఉమ్మేవాణ్ని. కడిగి విత్తనంలో కలిపేది. ఆ ఏడు మా చేనులో మొలిచిన మొక్కల్లో కొన్నయినా నా బుగ్గలోంచి వచ్చినవే అని నా నమ్మకం.

జేజికి చదువు రాదు. పాట కట్టడానికి మాత్రం ఆమెకొక పద్ధతి ఉండేది. నేను తర్వాత చదివిన ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. “ముందు పొగడల్ల. మల్ల అడగల్ల. అప్పటికీ ఇయ్యకుంటే తిట్టల్ల. తిట్టినాక మాత్రం ఆడ నిలబడగూడదురా.”

“యాల జేజీ?”

“నిలబడితే, వీళ్లు ఇంగా ఏమో ఆశ పెట్టుకోనుండారు అనుకుంటారు.”

ఈ వరస ఆమె అందరికీ సమానంగా వర్తింపజేసేది. పాలు ఎగ్గొట్టిన ఎనుముకు వారం రోజులు పొగడ్త, వారం రోజులు వేడుకోలు, ఆ తర్వాత తిట్లు. ఎనుము పాలివ్వలేదు గానీ జేజి తేలికపడేది. ఊరేగింపుకు బయటికొచ్చిన దేవుడికీ అదే వరస. పల్లకీ మోసేవాళ్లు మూడో భాగం మొదలయ్యేలోపు గబగబా నడిచేవాళ్లు. మా దారి దగ్గర ఆపకుండా పోయే బస్సు విషయంలో పొగడ్తకు వ్యవధి ఉండేది కాదు, నేరుగా తిట్లే; తిట్టినాక అక్కడ నిలబడకుండా ఉండే పని బస్సే చూసుకునేది.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఒక ఏడు, మొదటి వానకు విత్తనం వేశారు. మొలక బాగా వచ్చింది, పసుపుపచ్చ పూత వచ్చింది, పూత నుంచి సాగి కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన మాయమైంది. మొక్కలు మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుని, సాయంత్రానికి కాస్త విప్పుకుని, కొన్నాళ్లకు విప్పుకోవడం మానేశాయి. నాయన రోజూ చేను దాకా పోయి, గట్టు మీద కూర్చుని తిరిగొచ్చేవాడు. ఏం చూశావని అడిగితే “చేను” అనేవాడు. అమ్మ అటక మీది రేకు పెట్టె దించి, దుమ్ము తుడిచి, మళ్లీ ఎక్కించకుండా కిందే ఉంచింది. అది బెంగుళూరు పెట్టె. పంట పోతే నాయన సిమెంటు పనికి పోతాడు, ఉగాదికి వస్తాడు. అది మా ఇంట్లో ఎవరూ పైకి అనని సంగతి.

అప్పుడు ఊరి ఆడవాళ్లు జేజి దగ్గరికొచ్చి కప్పను తిప్పుదామన్నారు. రోకలికి వేపమండలు చుట్టి, తడిగుడ్డలో కప్పను పెట్టి తాడుతో రోకలికి కట్టి, ఇద్దరు చెరో కొనా భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ కప్ప మీద నీళ్లు పోసి, చాటలో కొర్రలో జొన్నలో వేస్తారు. చిక్కల్లా కప్ప దగ్గరే వచ్చింది. వాన రావాలంటే కప్ప కావాలి, కప్ప దొరకాలంటే వాన రావాలి. రెండు రోజులు వెతికి, చివరికి బడిలో నీళ్ల కుండ కింద తేమలో నక్కిన ఒకదాన్ని నేనే పట్టుకొచ్చాను. ఊరికి తగ్గ కప్ప, ఎముకలు లెక్కపెట్టొచ్చు. జేజి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, “దీనికే ఏదన్నా సాయం జేయల్లగదరా” అంది.

ఆ సాయంత్రం జేజి ముందు నడుస్తూ పాడింది. ఇంటింటి ముందూ అరచెంబు నీళ్లు, అదీ కొలిచినట్లు, కప్ప మీద పడుతుంటే వేపాకు వాసన లేచేది.

మబ్బయ్య మారాజ నల్లన్ని మేనోడ
నీయంత దొర లేడు నీలాల మిద్దెలో
కొర్రకు జరమొచ్చె జొన్నకు కండ్లు తేలె
చెనిక్కాయ పూతకు గొంతెండిపాయె
నువ్వు రాలేకుంటె నీ తమ్మున్ని పంపయ్య
చిన్నోడు చినుకైన చాలంటిమయ్య

ఊరి చివరి ఇల్లు దాటాక, ఖాళీ చేలవైపు తిరిగి మూడో భాగం ఎత్తుకుంది. వంత పాడేవాళ్లు గొంతు తగ్గించారు. ఆమె పెంచింది.

పక్కూరి చేన్లల్ల పందిళ్లు వేస్తివి
మా ఊరి పొలిమేర మూతి తిప్పితివి
ఏం జూసుకోని నీకు ఇంతంత నీలుగుడు
ఉరుము తప్ప సరుకు లేని ఉత్త గొంతోడ

పాడి, ఆకాశం వైపు మళ్లీ చూడకుండా, గిర్రున తిరిగి ఇంటికి నడిచింది. మేమంతా వెనకాలే. కప్పను బడి కుండ కింద వదిలేశాను. చాటలో పడ్డ కొర్రలతో అన్నం, పప్పు వండి అందరూ వీధిలోనే కూర్చుని తిన్నారు.

మూడో రోజు సాయంత్రం వాన పడింది. చినుకు కాదు, తమ్ముడు కాదు, మారాజే స్వయంగా వచ్చాడు. ఇంటి ముందు వంకలు పారాయి. పిల్లలం చొక్కాలు విప్పి తడిశాం, ఆడవాళ్లు జేజి చెంపలు నిమిరి మెటికలు విరిచారు. జేజి అరుగు మీద కాళ్లు చాపుకుని, తన ఎదురుగా నీళ్లు పారుతుంటే, దానికేదో తాను రెండు రోజుల ముందే పురమాయించినట్టు కూర్చుంది.

ఆ సంతోషం తెల్లారే దాకా ఉంది. తెల్లారగానే సర్పంచు మామ మా ఇంటికొచ్చాడు. మనిషి ముఖం వాన పడిన ఊరి సర్పంచులా లేదు.

“ఏం పాట పాడితివి పెద్దమ్మా! ఇన్నాళ్లూ పడని వాన ఇప్పుడే పడల్లనా? వచ్చే వారం కరువు చూసేదానికి ఢిల్లీ నుంచి సార్లు వస్తాండారు.”

సంగతి నాయన నాకు తర్వాత చెప్పాడు. ఆ సార్లు చేలు చూసి, ఇక్కడ కరువుంది అని రాసుకుంటే, ఊర్లోనే పని పెడతారు, ఎద్దులకు గడ్డి వస్తుంది, మళ్లీ విత్తనం ఇస్తారు. రేకు పెట్టె అటకెక్కుతుంది. రాసుకోకపోతే బెంగుళూరు. అయితే ఈ వాన చేసిన అన్యాయం ఏమిటంటే, పంటను కాపాడడానికి ఆలస్యమైంది గానీ ఆకును లేపడానికి సరిపోయింది. చెనిక్కాయ మొక్క అట్లాంటిది. ఊడలు ఎండిపోయాక వాన పడితే, కింద కాయ పట్టదు. పైన మాత్రం కొత్త చిగురు వేసి, దారిన పోయేవాడికి పట్టు పరిచినట్టు కనబడుతుంది. వారం తిరిగేసరికి మా ఊరు నా చిన్నతనం మొత్తంలో ఎన్నడూ లేనంత అందంగా తయారైంది.

సర్పంచు మామ జేజికి ఒక షరతు పెట్టి వెళ్లాడు. “సార్లు వచ్చి పోయేదాకా నువ్వు నోరు తెరవొద్దు తల్లీ. ఒగ ముక్క గూడా పాడొద్దు. మల్ల వాన పడ్తే మన పని అయిపోతాది.”

జేజి ఒప్పుకుంది. బాధపడిందని రాస్తే పాఠకులకు బాగుంటుంది. నిజానికి ఆమె గర్వపడింది. అంతవరకూ ఆమె పాటను ఎవరూ అంత సీరియస్‌గా తీసుకోలేదు. వారం రోజులు కనీసం కూనిరాగం కూడా తీయలేదు. ఇంట్లో రోకలి చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. అమ్మ భయపడి ఒకరోజు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

సార్లు వచ్చే రోజు బడి ముందు అట్టముక్కలతో ‘వెల్కం’ అని ఇంగ్లీషులో కట్టారు. ఆ అక్షరాలు కత్తిరించి అతికించింది నేనే, ఒకటి తిరగబడింది. మాకు పాఠాలు చెప్పే ఐవారికి ఒకే ఒక్క స్వాగత గీతం వచ్చు. సూదులేసే నర్సమ్మ వచ్చినా, బడి తనిఖీకి పెద్దసారు వచ్చినా మేము పాడేది అదే. ‘మా ఊరి చేలన్నీ పచ్చల హారాలు, మా ఇంటి గాదెలు నిండిన భారాలు’ అని దాని మొదలు. ఐవారు రాసుకున్నదే. కార్లు ఆగగానే, ఎవరికీ ఇంకో ఆలోచన తట్టకముందే, అలవాటు కొద్దీ ఎత్తుకున్నాం. కరువు చూడ్డానికి వచ్చిన మనుషుల ముందు, పచ్చని చేల మధ్య నిలబడి, మా చేలు పచ్చగా ఉన్నాయని ముప్పై మందిమి రాగయుక్తంగా సాక్ష్యం చెప్పాం. అందరికంటే గట్టిగా పాడింది నేను. నాయన గుంపు వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకో మెట్టు పైకి పోయాను.

మాట్లాడే పని సర్పంచు మామది. వారం రోజులుగా ఎద్దుల ముందు సాధన చేశాడు. తీరా పూలదండ వేసి ఆ పొడుగాటి సారు ముఖంలోకి చూడగానే అంతా మరిచిపోయి, “అంతా తమరి దయ సార్” అన్నాడు. మన వైపు ఆఫీసరు అది తర్జుమా చేశాడు. సారు నవ్వి, మా చేను వైపు చూసి, తలూపి, కారు తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు జేజి గుంపులోంచి బయటికొచ్చింది. గట్టు దాటి మా చేనులోకి దిగి, ఒక మొక్కను కుదుళ్లతో పెరికి, మన్ను దులిపి, సారు ముందుకొచ్చి నిలబడింది. సర్పంచు మామ “పెద్దమ్మా, వద్దు” అంటూనే ఉన్నాడు, ఒకసారి ఆకాశం వైపు చూస్తూ. ఆమె ఎత్తుకుంది. వరస తప్పలేదు, ముందు పొగడ్త.

దూరాన్నుంచొచ్చిన దొరలార దణ్ణాలు
మీ కార్ల దుమ్ముకే మా కండ్లు నిండె

సారు ఆఫీసరు వైపు వంగి ఏమో అడిగాడు. ఆఫీసరు రెండు వరుసలూ విని, మూడోదాని కోసం ఆగకుండా చెప్పాడు. “వెల్కం సాంగ్ సార్.”

నేను కారు పక్కనే ఉన్నాను. ఆ రెండో మాట తెలీకపోయినా మొదటి మాట నా చేతులతో కత్తిరించిందే. జేజికి అది వినబడలేదు. ఆమె అడగడంలోకి దిగింది, అక్కణ్నుంచి తిట్టడంలోకి.

పై ఆకు జూసేసి పంటంటివయ్యా
కిందికి వంగి చూడు కాయ యాడుండాది
కార్లోన కూచోని కొలిచేటి కరువు
కాలు మోపితె గద కాలేది తెలిసేది

ఎండి నల్లబడిన ఊడల్ని, ఒక్క కాయా లేని వేళ్లని ఆయన ముఖానికి దగ్గరగా పెట్టి ఊపింది. ఆయన ఎంతో మర్యాదగా ఆ మొక్కను పూలగుత్తిలా రెండు చేతులా అందుకున్నాడు. జేజి గిర్రున తిరిగి ఇంటివైపు నడిచింది. తిట్టినాక నిలబడకూడదు. ఆయన మొక్కను చంకన పెట్టుకుని, వెళ్లిపోతున్న ఆమె వీపుకు చిరునవ్వుతో చేతులు జోడించాడు. ఎవరో ఫోటో తీశారు. కార్లు పోయాయి, మొక్కతో సహా.

కొన్ని వారాలకు కరువు ఊళ్ల పేర్లు వచ్చాయి. మా ఊరు లేదు. నాయన రేకు పెట్టె ఎత్తుకుని బస్సెక్కాడు, ఆ రోజు బస్సు ఆగింది. ఊళ్లో కొందరు ముసలమ్మ వాన వల్లే ఇదంతా అన్నారు, కొందరు పిల్లల పాట వల్ల అన్నారు. రెండూ మా ఇంట్లోవే.

జేజి మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పేది. “ఢిల్లీ వాళ్ల మొగం మీదే తిట్టినా. ఒగడన్నా నోరెత్తినాడా? తల దించుకోని పాయిరి. ఇయ్యకపోతే మానిరి, చెప్పాల్సింది చెప్పినా.” చెబుతుంటే ఆమె వెన్ను నిటారుగా అయ్యేది.

నా గురించి ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఎవరి గాలి బుడగనైనా పొడవందే నిద్రపట్టదు. వీధి నాటకంలో రాక్షసుడు గర్జిస్తుంటే అతని చేతికి గడియారం ఉందని జనానికి చూపించింది నేను. పెళ్లిలో గౌరవంగా కూర్చున్న పెండ్లికొడుకు మెడ వెనక చొక్కా ధర చీటీ చదివి వినిపించింది నేను. అట్లాంటి నాకు, ఆ ఉగాదికి, బెంగుళూరు నుంచి చిక్కిపోయి వచ్చిన నాయన ముందు జేజి ఆ కథంతా చేతులు తిప్పుతూ చెప్పినప్పుడు, ‘ఆయన తల దించుకోలేదు, దణ్ణం పెట్టినాడు’ అనే వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. నాయన నవ్వాడు, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. “నిజంగా అట్ల అంటివామ్మా?” అన్నాడు. “వీన్నడుగు, వీడు పక్కనే ఉన్నాడు” అంది జేజి. అందరూ నా వైపు చూశారు. నేను నేతిలో ముంచిన ఓళిగ మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకుని తలూపాను. పాడే నోరు తినలేదని జేజి కనిపెట్టింది. తినే నోరు చెప్పలేదని ఆ పూట నేను కనిపెట్టాను.

ఆమె పోయేదాకా ఆ ఓళిగ మింగుతూనే ఉన్నాను. ఇప్పుడు ఇక్కడ రాసేశాను కాబట్టి అదీ అయిపోయింది.

మళ్లీ ఏడు ఊరివాళ్లు కప్ప పాటకు పిలిస్తే, “వాన ఏ పొద్దు పడల్లనో ముందు ఆఫీసర్లతో రాయించుకోని రాండి” అని జేజి నవ్వి, రోకలి తీసుకుని బయల్దేరింది. ఆమెతో వంత పాడినవాళ్లలో ఇప్పుడు ఇద్దరు మిగిలారు, ఇద్దరికీ వినబడదు. విత్తనాన్ని మిషన్లు ఒలుస్తున్నాయి. వాటికి తినే నోరు లేదు కనుక పాడించే అవసరమూ లేదు. మా చేనూ పక్క చేలూ సోలారు పలకల కిందికి పోయాయి. మబ్బు రాకపోతే సంతోషించే పంట ఆ నేల మీద అదొక్కటే. బడిలో మట్టి కుండ పోయి ప్లాస్టిక్ క్యాన్లు వచ్చాయి, కింద కప్ప పట్టే సందు లేదు.

ఈ ఏడూ వాన వెనకబడింది. పోయిన నెల సర్పంచు మామ కొడుకు ఫోన్ చేశాడు. “అన్నా, మీ జేజి వాన పాట రికార్డు చేసియ్యన్నా, ఆటోకు మైకు కట్టి తిప్పుతాము. కప్ప యాడా దొరకలే, ప్లాస్టిక్‌ది తెచ్చినాము.” నేను కూర్చుని పొగడ్త, వేడుకోలు, తిట్లు మూడూ గుర్తు తెచ్చుకుని పాడించి పంపాను. గంటలో మళ్లీ ఫోన్. “పాట బాగుండాదన్నా, ఆ తిట్టే ముక్క ఒగటి తీసెయ్. ఆటో ఎనక మన నాయకుని ఫ్లెక్సీ కట్టినాము, ఆయన్ను తిట్టినట్లుంటాది.”

తీసేశాను. ఒక నిమిషం పని. ఆటో మూడు రోజులు ఊరంతా తిరిగింది, పొగిడింది, అడిగింది, మళ్లీ మొదటికొచ్చి పొగిడింది. వాన పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలుసు, ఎవరైనా అడిగితే చెబుదామని ఉన్నాను, ఎవరూ అడగలేదు. మొన్నటి వేపాకు వాసన ఆ సాయంత్రానికే పోయింది. తలుపు దగ్గర రోకలి నిలబడే ఉంది. రెండో చరణంలో సింహం నా కోసం కాచుకుని ఉంది.